ఇతిహాసంలో చోటు: పొదిలి చుట్టుపట్ల నుంచి కరీబియన్ దాకా

ఒక జాతి పెద్దకథగా నిలుపుకున్న ఇతిహాసాన్నో మహాకావ్యాన్నో, అందులో చోటు దక్కనివాళ్లు తమ నేల మీదికి తెచ్చుకుని తమ గొంతుతో తిరిగి చెప్పుకోవడాన్ని ఇతిహాస పునఃకథనం అనవచ్చు. పరాయి పాలన నుంచి బయటపడిన దేశాల వలసానంతర సాహిత్యంలో ఇది బలమైన పాయ. కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా దీవికి చెందిన డెరెక్ వాల్కాట్ 1990లో వెలువరించిన దీర్ఘకావ్యం ‘ఒమెరోస్’ను విశ్వవిద్యాలయాల్లో దీనికి పేరెన్నికగన్న ఉదాహరణగా చెబుతారు. తెలుగులో ఈ పని అంతకంటే ఎంతో ముందే మొదలైంది. పద్యం రాసిన పండితుడి దగ్గర్నుంచి కొమ్ము ఊదే గాయకుడి దాకా చాలామంది చేతుల మీదుగా నడిచింది. అయినా దాన్నంతటినీ ఒకే ధోరణిగా చూసే అలవాటు మనకు తక్కువ.

ఇందులో పెద్ద వాటా గుంటూరు, ప్రకాశం సీమలది. పొదిలిని నడుమ పెట్టుకుని చూస్తే ఈ కథల చోట్లన్నీ చుట్టూ పరుచుకుని ఉంటాయి. ఉత్తరాన గుర్రం జాషువా పుట్టిన వినుకొండ. ఇంకా పైకి పోతే పత్తి, మిరప చేల పల్నాడు, అందులో వీరుల కారెంపూడి. వాయవ్యాన త్రిపురాంతకం వైపు మేడపి, పల్నాటి కథలో మలిదేవుడి పరివారం తలదాచుకున్న ఊరు. ఈశాన్యాన రెడ్డిరాజుల తొలి రాజధాని అద్దంకి. ఆగ్నేయాన ఎర్రన స్వగ్రామంగా చెప్పే గుడ్లూరు. దక్షిణాన కాటమరాజు కథలు తిరిగే కనిగిరి మెట్ట. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. తిక్కన తిరిగిన నెల్లూరు రాజ్యపు చరిత్ర, బ్రహ్మనాయుడి పల్నాటి చరిత్ర ఈ మెట్ట మీద ఒకదాన్నొకటి తాకుతాయి.

కొలువుల నుంచి వచ్చిన భారతం

తెలుగు సాహిత్యం పునఃకథనంతోనే కళ్లు తెరిచింది. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ మొదలుపెట్టిన భారతాన్ని పదమూడో శతాబ్దంలో నెల్లూరి తిక్కన పదిహేను పర్వాలు నడిపించాడు. అరణ్యపర్వంలో మిగిలిపోయిన భాగాన్ని పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన పూరించాడు. ముగ్గురూ సంస్కృత మూలాన్ని అక్షరాలా అనువదించలేదు. తగ్గించారు, పెంచారు, నాటకీయంగా మలిచారు, తెలుగువాళ్ల పలుకుబడిలోకి దింపారు. మూలం పట్ల ఇంతటి స్వేచ్ఛను మొదటి గ్రంథంతోనే సంపాదించుకున్న సాహిత్యం మనది. ఆ ధైర్యమే తర్వాతివాళ్లకు పునాది.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ భారతం రాజుల కొలువుల నుంచి వచ్చింది. రాజవంశాల గౌరవం కోసం, ధర్మబోధ కోసం వచ్చింది. పొలాల్లో, మందల్లో, పేటల్లో ఉన్న మనుషులు అందులో నేపథ్యమే. వాళ్ల వైపు నుంచి కథ చెప్పిన పాయ వేరే ఉంది. అది వ్రాతప్రతుల్లో తక్కువగా, గొంతుల్లో ఎక్కువగా బతికింది.

పల్నాటి వీరచరిత్ర

పన్నెండో శతాబ్దం చివర గురజాల, మాచర్ల రాజ్యాల దాయాదుల మధ్య జరిగిన పోరు పల్నాటి వీరచరిత్రకు వస్తువు. కథను భారతంతో పోల్చని తెలుగువాడు లేడు. నలగామరాజు, మలిదేవుల దాయాది తగువు, పందెంలో ఓడి ఏడేళ్ల ప్రవాసం, గడువు తీరాక అలరాజు రాయబారం, అతని మరణం, చివరికి నాగులేటి ఒడ్డున కారెంపూడి రణం, అందులో అభిమన్యుణ్ణి తలపించే బాలచంద్రుడు. మంత్రి బ్రహ్మనాయుణ్ణి విష్ణువు అంశగా కొలుస్తారు. మాచర్ల చెన్నకేశవుడు ఆ కథకు ఇలవేల్పు.

పోలికలు చూసి సంతోషించడం దగ్గర ఆగిపోతే అసలు సంగతి తప్పిపోతుంది. ఈ కథ విలువ భారతంతో తేడా వచ్చిన చోట్ల ఉంది. పాచికల స్థానంలో కోడిపుంజు వచ్చింది. పల్నాటి పల్లెలో ఎవరికీ వివరించనక్కర్లేని పందెం అది. శకునిలాంటి తంత్రజ్ఞుడి స్థానంలో నాయకురాలు నాగమ్మ, రాజ్యం నడిపే స్త్రీ, నిలబడింది. అన్నిటికంటే పెద్ద మార్పు కన్నమదాసుది. ఇతను మాల వీరుడు, బ్రహ్మనాయుడి సేనాని. భారతంలో ఏకలవ్యుడు బొటనవేలు కోసి ఇచ్చి కథలోంచి తప్పుకోవాల్సి వచ్చింది. పల్నాటి కథలో కన్నమదాసు కత్తి పట్టి ముందు వరసలో నిలిచాడు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి కులాలన్నిటినీ ఒకే బంతిలో కూర్చోబెట్టాడని కథ గట్టిగా చెబుతుంది. పాత ఇతిహాసపు చట్రంలోనే ఉంటూ ఆ ఇతిహాసం మూసిన తలుపును తీసిన కథ ఇది.

అదే కథ నాగమ్మ విషయంలో కఠినంగా ఉంది. ఆమె రాజకీయ చతురత అంతా కుట్రగానే వినిపిస్తుంది. ‘మాలపల్లి’ నవల రాసిన గుంటూరు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ‘నాయకురాలు’ నాటకంలో ఆమె పేరునే శీర్షికగా నిలిపారు. ఒకరికి చోటిచ్చిన కథ మరొకరికి చోటు తగ్గించడం పునఃకథనాల్లో తరచూ జరిగేదే. అందుకే ఒక పునఃకథనం మీద మరొక పునఃకథనం పుడుతుంది.

ఈ కథకు ద్విపద రూపం శ్రీనాథుడి పేరు మీద ప్రచారంలో ఉంది. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేయించడంతో చదువుకున్నవాళ్ల చేతికి అందింది. అంతకు ముందూ ఆ తర్వాతా కథను అసలు మోసినవాళ్లు వీరవిద్యావంతులు అనే కథాగాయకులు. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో జరిగే వీరుల ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో కథ రోజుకొక ఘట్టంగా సాగుతుంది. వీరుల ఆయుధాలకు పూజలు చేస్తారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ గాయకుల నోట విన్న కథ ఆధారంగా రాసిన గ్రంథం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. ప్రపంచంలో ఇతిహాసాలను చదివేవాళ్లకు పల్నాటి పేరు తెలిసింది దానివల్లే.

ఈ కథను ఇరవయ్యో శతాబ్దపు ప్రజల మధ్యకు తెచ్చినవారిలో షేక్ నాజర్ గారి స్థానం ప్రత్యేకం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆయన, ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథను రాజకీయ కళగా నిలబెట్టారు. ఆయన గొంతులో పల్నాటి యుద్ధం తెలుగునాడంతా మోగింది. 1986లో పద్మశ్రీ వచ్చింది. విష్ణువు అంశగా కొలిచే బ్రహ్మనాయుడి కథను ఒక ముస్లిం గాయకుడు వేలమందికి చెప్పడం, వాళ్లు ఊపిరి బిగబట్టి వినడం ఈ నేల సంస్కారానికి గర్వించదగిన గుర్తు.

కాటమరాజు కథ: పుల్లరి ఇతిహాసం

పొదిలికి మరింత దగ్గరి కథ కాటమరాజుది. ఇది గొల్లల వీరగాథ. కరువు వచ్చి మందలతో దక్షిణానికి దిగిన కాటమరాజు, నెల్లూరు ఏలే నల్లసిద్ధితో పచ్చిక బయళ్ల కోసం ఒప్పందం చేసుకున్నాడు. పశువులు మేసినందుకు పుల్లరిగా, అంటే మేత పన్నుగా, పుట్టిన కోడెదూడలు రాజుకు. ఆ తర్వాత తగువు వచ్చింది, పుల్లరి కట్టనన్నాడు, ఎర్రగడ్డపాటి పోరుగా కథల్లో నిలిచిన యుద్ధం జరిగింది. ఇవన్నీ ఒక్క కథ కాదు, పెద్ద కథాచక్రం. తంగిరాల వెంకటసుబ్బారావు గారు సేకరించి కూర్చిన ‘కాటమరాజు కథలు’ సంపుటాలను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1970ల్లో ప్రచురించింది.

ఈ యుద్ధంలో నెల్లూరు వైపు సేనాని ఖడ్గతిక్కన. భారతం రాసిన తిక్కన సోమయాజికి పెదతండ్రి కొడుకు. ఓటమితో వెనక్కి వచ్చిన అతన్ని భార్య చానమ్మ, తల్లి ప్రోలమ్మ నిలదీసి సిగ్గుపరిచారని, మళ్లీ కదనానికి పోయి ప్రాణం వదిలాడని తెలుగు ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఒకే కుటుంబంలో ఒకరు కురుక్షేత్రాన్ని తెలుగు పద్యంగా మలిచారు. ఇంకొకరు గొల్లల కురుక్షేత్రంలో ఎదుటి పక్షాన పడిపోయారు. కొలువు ఇతిహాసానికీ మంద ఇతిహాసానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఇంకెక్కడా దొరకడం కష్టం. పాఠ్యపుస్తకాల్లో మొదటి తిక్కనకు పెద్ద అధ్యాయం ఉంటుంది, రెండో తిక్కన ఒక ముచ్చటగా మిగిలిపోతాడు, కాటమరాజు వాళ్ల పక్కన కనిపించడు.

ఈ కథల గాయకులు కొమ్ములవారు. కొమ్ముబూర ఊదుతూ గొల్లల ఇళ్ల ముందు, గంగ జాతరల్లో చెప్పే దళిత కళాకారులు. యాదవుల గౌరవకథను తరతరాలుగా కంఠస్థం చేసి కాపాడినవాళ్లు ఊరికి అవతల పేటలో ఉన్నవాళ్లు. ఆ కథకు కారణమైన పుల్లరి మళ్లీ బ్రిటిష్ ఏలుబడిలో పల్నాటిని రగిలించింది. అడవిలో పశువుల మేతకు సర్కారు వేసిన పుల్లరిని ఎదిరించిన మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలయ్యారు. ఏడు వందల ఏళ్ల నాటి వీరగాథలోని తగువే వలస పాలన మీద తిరుగుబాటుకు కారణమైంది. ఈ సీమలో ఇతిహాసం గతానికి చెందిన సంగతి అని ఎవరైనా అంటే పుల్లరి మాట ఒక్కటి చాలు జవాబుకు.

‘ఒమెరోస్’: జాలరుల ఇలియడ్

ఇక్కడ ఒకసారి కరీబియన్‌కు పోయి రావాలి. సెయింట్ లూసియా చిన్న దీవి. దానికోసం ఫ్రెంచివారు, ఆంగ్లేయులు ఎంత కొట్టుకున్నారంటే, పద్నాలుగు సార్లు చేతులు మారిందని చెబుతారు. అందుకే దాన్ని, గ్రీకు ఇతిహాసంలో యుద్ధానికి కారణమైన సుందరి పేరుతో, పడమటి దీవుల హెలెన్ అన్నారు. 1930లో ఆ దీవి పట్టణం కాస్ట్రీస్‌లో పుట్టిన వాల్కాట్, బడిలో హోమర్‌ను, వర్జిల్‌ను ఆంగ్లేయుల చదువులో భాగంగా నేర్చుకున్నారు. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన బానిసల సంతతి పిల్లలకు గ్రీకు వీరుల కథలు నేర్పే బడి అది.

‘ఒమెరోస్’లో ఆ గ్రీకు పేర్లు పల్లెకారులవి అయ్యాయి. అషీల్, హెక్టర్ ఇద్దరూ సముద్రం మీద వేట చేసే జాలరులు. హెలెన్ ఒక ఇంటి పనిమనిషి, తర్వాత హోటల్‌లో వడ్డన చేసిన యువతి. అషీల్, హెక్టర్‌ల తొలి కొట్లాట పడవలో నీళ్లు తోడే తుప్పు డబ్బా కోసం. లోపల ఉన్నది హెలెన్ మీది అసూయ. హెక్టర్ వేట మానేసి వ్యాను నడిపి, ఆ వ్యాను ప్రమాదంలోనే పోతాడు. తుప్పు పట్టిన లంగరు గీసుకున్న ఫిలోక్టేట్ కాలి పుండు మానదు. ఆ పుండు బానిసత్వపు సంకెళ్ల నుంచి వచ్చిందని అతని నమ్మకం. ఆఫ్రికా నుంచి పక్షి మోసుకొచ్చిన విత్తనంతో మొలిచిన మొక్క వేరుతో మా కిల్మన్ అనే ముసలమ్మ దాన్ని మాన్పుతుంది. అషీల్ పడవ మీద దేవుణ్ణి తలుస్తూ రాసుకున్న మాటలో అక్షరదోషం ఉంటుంది, అతను దిద్దడానికి ఒప్పుకోడు. ఎండదెబ్బ తగిలిన మైకంలో అతను నది వెంట ఆఫ్రికాకు, తన పూర్వీకుడి ఊరికి చేరుకునే ఘట్టం ఈ కావ్యానికి గుండెకాయ.

ఏడు భాగాలు, అరవై నాలుగు అధ్యాయాలు, డాంటేను గుర్తుచేసే మూడేసి పాదాల చరణాలు. కవే పాత్రగా కథలోకి వస్తారు. చిన్నప్పుడే పోయిన తండ్రి నీడగా కనిపించి, రేవులో ఓడలకు బొగ్గు గంపలు మోసిన ఆడవాళ్లను చూపి, వాళ్ల నడకకు తగిన పాదాలు రాయడమే నీ పని అన్నట్టుగా కొడుక్కి బాధ్యత అప్పగిస్తాడు. చివరికి వచ్చేసరికి కవి తననే ప్రశ్నించుకుంటారు: ఈ హెలెన్‌ను ఆ గ్రీకు హెలెన్ నీడ లేకుండా ఎందుకు చూడలేకపోయాను? ఇతిహాసాన్ని వాడుకుంటూనే ఆ వాడకాన్ని అనుమానించే ఈ తత్వం వల్లే దాన్ని ఆధునికోత్తర పునఃకథనం అన్నారు. వాల్కాట్‌కు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. 2017లో కన్నుమూశారు.

తెలుగు పాఠకులు ప్రత్యేకంగా చదవవలసింది ఆయన నోబెల్ ప్రసంగం. అది ట్రినిడాడ్‌లోని ఫెలిసిటీ అనే పల్లెలో జరిగే రామలీలతో మొదలవుతుంది. కూలి ఒప్పందాల మీద భారతదేశం నుంచి చెరకు తోటలకు పోయినవాళ్ల వారసులు ఆడే రామకథ అది. తాను దాన్ని నాటకంగా చూశానని, ఆడేవాళ్లకు అది విశ్వాసమని వాల్కాట్ ఒప్పుకున్నారు. 1838లో బ్రిటిష్ గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కు ఆ వలస మొదలైంది. ఎక్కువమంది గంగామైదానం వాళ్లు. మద్రాసు రేవు నుంచి ఓడెక్కిన తమిళులను, తెలుగువాళ్లను అక్కడ కలిపి మద్రాసీలు అన్నారు. కరీబియన్ ఇతిహాసపు ముక్కల్లో మన కథల ముక్కలూ కలిసే ఉన్నాయి.

‘గబ్బిలం’: వినుకొండ నుంచి జవాబు

‘ఒమెరోస్’కు సరితూగే తెలుగు కావ్యం ఏదంటే జాషువా ‘గబ్బిలం’. 1941లో వచ్చింది, వాల్కాట్ కావ్యానికి దాదాపు అర్ధశతాబ్దం ముందు. కాళిదాసు మేఘసందేశం ఇతిహాసం కాదు, సందేశకావ్యం. అయినా సంస్కృత సాహిత్యంలో దానికి ఉన్న స్థానం, దాన్ని అనుకరించి పుట్టిన కావ్యాల వరస చూస్తే, జాషువా చేయి పెట్టింది ఎంత గట్టి కోటలోనో తెలుస్తుంది.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో, యాదవ తండ్రికి మాదిగ తల్లికి క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా అన్ని వైపుల నుంచీ వెలి అనుభవించారు. హిందూ సమాజం అంటరానివాడంది. పురాణకథలతో పద్యాలు అల్లుతున్నాడని క్రైస్తవులూ కోపగించారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఏ కావ్యాన్ని తర్వాత తలకిందులు చేశారో దాన్ని గురుముఖంగా, ప్రేమగా నేర్చుకున్నారు. ఈ వివరం చాలా ముఖ్యం. ‘గబ్బిలం’ మేఘసందేశం మీద కోపంతో పుట్టలేదు. ఆ అందం మీద తనకూ హక్కుందన్న నమ్మకంతో పుట్టింది.

కాళిదాసు యక్షుడు ఏడాది శాపానికి గురై భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. అతని ఎడబాటుకు గడువుంది. జాషువా నాయకుడు తంజావూరు సీమ దళితుడు, అరుంధతీసుతుడు. అతని శాపానికి గడువు లేదు. అతని కబురు కాశీ విశ్వనాథుడికి. మోసుకుపోయేది గబ్బిలం, ఎందుకంటే గుడిలోకి అతనికి లేని ప్రవేశం దానికుంది. గుడి కప్పుకు తలకిందులుగా వేలాడే ఆ జీవి, పూజారి దగ్గర లేని వేళ చూసి దేవుడి చెవిలో తన గోడు వెయ్యాలని అతని కోరిక. ఈ ఒక్క కల్పనలో అంటరానితనపు అన్యాయమంతా ఇమిడిపోయింది. తెలుగు కవిత్వంలో ఇంత తేలిగ్గా అర్థమయ్యే, ఇంత లోతుగా కోసే కల్పన మరొకటి లేదు.

మేఘసందేశంలో మేఘం పోయే దారి కావ్యానికి సగం అందం. జాషువా ఆ సంప్రదాయాన్ని వదల్లేదు. గబ్బిలం దక్షిణం నుంచి కాశీ వైపు సాగుతూ తెలుగు నేలను, దాని రాజులను, కవులను, శిథిలాలను చూస్తూ పోతుంది. తనను వెలివేసిన దేశపు చరిత్రను ఆ దళితుడు తన సొంత ఆస్తిగా, గర్వంగా చూపిస్తాడు. వాల్కాట్ అషీల్‌ను ఆఫ్రికాకు పంపింది పోగొట్టుకున్న ఊరి కోసం. అరుంధతీసుతుడు పోగొట్టుకున్న ఊరు లేదు. తనది కాదని చెప్పిన ఊరే తనదని రుజువు చేసుకోవాలి. నాయకుడి పేరులో కూడా ఆ హక్కు ఉంది. మాదిగలు తమ ఆడపడుచుగా చెప్పుకునే అరుంధతి వసిష్ఠుడి భార్య, పెళ్లిలో ప్రతి జంటా తలెత్తి చూసే నక్షత్రం.

రెండు కావ్యాలకూ ఒక పెద్ద తేడా ఉంది. కరీబియన్ కవికి హోమర్‌ను తెచ్చింది పరాయి ప్రభువు. జాషువాకు కాళిదాసును దూరం పెట్టింది సొంత సమాజం. ఒకరు తన మీద రుద్దిన సంపదను సొంతం చేసుకున్నారు, మరొకరు తనకు అడ్డుపెట్టిన సంపదను. వృత్తాలు, సీసాలు, తేటగీతులు ఇంత సొగసుగా నడిపించిన జాషువా పద్యం చూశాక ఛందస్సు ఎవరి సొత్తు అన్న ప్రశ్న మళ్లీ ఎవరూ వేయలేకపోయారు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, ఆయనకు 1970లో పద్మభూషణ్ వచ్చాయి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు గండపెండేరం తొడిగి గౌరవించారు. 1971 జులై 24న జాషువా గుంటూరులో మరణించారు.

జాషువా పద్యం పల్లెల్లోకి పోయిన మరో దారి రంగస్థలం. ఈ జిల్లాల్లో తిరునాళ్లకు సత్యహరిశ్చంద్ర పద్యనాటకం వేయడం తరాల అలవాటు. కాటిసీనులో హరిశ్చంద్ర పాత్రధారులు జాషువా శ్మశాన పద్యాలను కలుపుకుని పాడారు. ఇప్పుడు అవి లేని కాటిసీను ఊహించలేం. పురాణరాజు నోట, కాటికాపరి వేషంలో, దళితకవి పద్యం పలుకుతుంది. వన్స్‌మోర్ కొట్టే జనంలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. ఏ విమర్శకుడూ పథకం వేయకుండానే ఒక పౌరాణిక నాటకం లోపలి నుంచి మారిపోయింది.

నిలదీసినవారు

జాషువా పాత రూపాన్ని సొంతం చేసుకుంటే, మరికొందరు పాత కథనే బోనెక్కించారు. వారికి ఆద్యులు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు (1887–1943). కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టి, డబ్లిన్‌లో బారిస్టరు చదివి, తెనాలిలో స్థిరపడ్డారు. ‘శంబుక వధ’, ‘కురుక్షేత్ర సంగ్రామం’, ‘సూతపురాణం’ రచనల్లో రామాయణ భారతాలను ఓడినవాళ్ల వైపు నుంచి విచారించారు. పురాణాన్ని ఖండించడానికి పురాణ రూపాన్నే, పద్యాన్నే వాడడం ఆయన పదును. నార్ల వెంకటేశ్వరరావు గారి ‘సీత జోస్యం’ నాటకానికి 1981లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘రామాయణ కల్పవృక్షం’ శిఖరంగా ఉన్న కాలంలోనే, 1970ల మధ్యలో రంగనాయకమ్మ గారి ‘రామాయణ విషవృక్షం’ మూడు సంపుటాలు వచ్చాయి. తెలుగులో ఇంతగా వాదం రేపిన పుస్తకాలు తక్కువ. వాదనాబలం దానిది, కావ్యబలం కాదు.

గుంటూరులో 1950లో పుట్టిన ఓల్గా ‘విముక్త’ కథల్లో వేరే దారి పట్టారు. రామాయణాన్ని తిట్టరు, వదలరు. సీతను శూర్పణఖతో, అహల్యతో, రేణుకతో, ఊర్మిళతో కలిపి కూర్చోబెడతారు. వాల్మీకి ఎన్నడూ కలిపి కూర్చోబెట్టని స్త్రీలు మనసు విప్పి మాట్లాడుకుంటే ఏం తేలుతుందో చూపిస్తారు. 2015లో దీనికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దీనికి మన ఇళ్లలోనే పాత తోవ ఉంది. ఊర్మిళ నిద్ర, లక్ష్మణదేవర నవ్వు లాంటి స్త్రీల రామాయణపు పాటలు మగవాళ్లు వినని వేళల్లో అంతఃపురం వైపు నుంచి రామకథను ఎప్పటి నుంచో చెబుతున్నాయి.

1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో, 1991 ఆగస్టులో గుంటూరు జిల్లా చుండూరులో దళితులను ఊచకోత కోశారు. ఆ నెత్తుటి నుంచి లేచిన దళిత కవిత్వం 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనంగా నిలబడింది. శంబుకుడు, ఏకలవ్యుడు ఆ కవులకు పురాణపాత్రలు కారు, బంధువులు. ఎండ్లూరి సుధాకర్ గారు ‘కొత్త గబ్బిలం’ రాసి జాషువాను తిరిగి చెప్పారు. పునఃకథనానికే పునఃకథనం వచ్చిందంటే ఆ మూలం శ్రేష్ఠకావ్యమైందని అర్థం.

పేరు పెట్టడంలో జాగ్రత్త

వీటన్నిటినీ ‘ఆధునికోత్తరం’ అనే ఒక్క మాట కింద చేర్చడం సరికాదు. కవి తన కథనాన్ని తానే శంకించుకోవడం, కాలాలను ముక్కలుగా పేర్చడం ‘ఒమెరోస్’లో ఉన్నాయి. ‘గబ్బిలం’లో ఆ శంక లేదు, ఉండాల్సిన పనీ లేదు. చోటు ఉన్నవాడు తన చోటును శంకించుకోగలడు. చోటు కోసం పోరాడేవాడికి నమ్మకం కావాలి. పల్నాటి, కాటమరాజు కథలు వలస పాలనకు ముందువి. వాటిని వలసానంతరం అనడం చరిత్ర మీద అన్యాయం. ఓల్గా కథల్లో మాత్రం పాత్రలే తమ మూలకథను చర్చించుకునే పద్ధతి ఆ మాటకు దగ్గరగా వస్తుంది. కలిపి చూడవలసింది పేర్లలో కాదు, పనిలో. ఇతిహాసంలో చోటు లేనివాళ్లు చోటు తీసుకోవడం అన్ని చోట్లా జరిగిన పని.

ఈ రచనలు మన తరగతి గదుల్లో వేర్వేరు అరల్లో పడి ఉన్నాయి. తిక్కన ప్రాచీన సాహిత్యంలో, కాటమరాజు జానపదంలో, జాషువా అభ్యుదయ భావాల పాఠంలో, వాల్కాట్ ఇంగ్లీషు శాఖలో. జాషువాను కరుణరస కవిగా మెచ్చుకుని ఊరుకోవడం ఆయనకు చేసే అన్యాయం. ఆయన రూపశిల్పం మీద రావలసినంత పరిశీలన రాలేదు. ఒంగోలు, మార్కాపురం, నరసరావుపేట, గుంటూరు కళాశాలల తెలుగు, ఇంగ్లీషు అధ్యాపకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని మేఘసందేశం, ‘గబ్బిలం’, ‘ఒమెరోస్’ మూడింటినీ ఒకే పాఠ్యాంశంగా బోధించాలి. కనిగిరి, పొదిలి, కారెంపూడి ప్రాంతాల్లో ఇంకా కథ చెప్పగల కొమ్ములవారిని, వీరవిద్యావంతులను పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, పూర్తి కథలను రికార్డు చేయించాలి. అచ్చయిన ప్రతి ఎంత పెద్దదైనా వాళ్ల గొంతులో ఉన్న కథ అంతటినీ పట్టలేదు. ఈ పని వాళ్లు ఉండగానే జరగాలి.